నూటపదహారెకరాల తోట
(చెన్నపట్నపు పార్కులు: వాటి వేళలు, విధులు, చరిత్ర)

ఆంధ్రదేశం నుంచి రైలులో చెన్నపట్నం వచ్చేవారిలో చాలామంది దిగేది సెంట్రల్ స్టేషనులో. రోడ్డు దాటి ఎదుటికి వెళ్తే అక్కడ మరొక స్టేషను వున్నది. దాని పేరు పార్కు స్టేషను. ఆ పేటకు పార్కుటౌను అని పేరు. బీచి నుంచి తాంబరం వెళ్లే లోకల్ బండ్లకు కొనే టిక్కెట్ల మీద పార్కు అనే మాట ప్రతిదినమూ వేల సంఖ్యలో అచ్చుపడుతూనే వున్నది. అయితే ఆ పార్కు ఏది, ఎక్కడ వున్నది అని ఎవరైనా ప్రయాణీకుడు అడిగితే చేయి చాపి చూపడం కష్టం. పేరు మిగిలింది, తోట మిగలలేదు.

ఈ ఉగాది సంచికలో పండుగను గురించి, కవులను గురించి, మన పూర్వుల ఘనతను గురించి వ్రాసేవారు వుంటారు. మేము అంతకన్న చిన్న విషయమే ఎత్తుకున్నాము. పార్కుల గేట్లు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, లోపల ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు అన్నదే మా విషయం. చూడబోతే ఇది పట్నపు చరిత్రలో పెద్ద భాగమే. అందులో మన తెలుగువారి పాలు కూడా తక్కువ కాదు.

పీపుల్సు పార్కు పుట్టుక

చెన్నరాజధానికి 1859లో సర్ చార్లెస్ ట్రెవెల్యన్ అనే దొర గవర్నరుగా వచ్చాడు. ఆయన ఇక్కడ వున్నది ఏడాదికి కాస్త ఎక్కువ. కొత్త పన్నులు ప్రజలమీద వేయరాదని పైవారితో బాహాటంగా వాదించినందున 1860లోనే సీమకు వెనుకకు పిలిపించారు. అంత కొద్దికాలంలోనే ఆయన పట్టణానికి ఒక మంచి పని చేశాడు. నల్లపట్నంలోని ఇరుకు వీధులలో కాపురముండే జనానికి గాలి వెలుతురు దొరకాలని పేటకు పడమటివైపున ఒక పెద్ద తోట వేయించాడు. దానికి పీపుల్సు పార్కు, అంటే ప్రజల తోట, అని పేరు పెట్టారు.

ఆ తోట విస్తీర్ణం 116 ఎకరాలు. మన తెలుగువారికి నూటపదహారు అనేది శుభమైన లెక్క. పెండ్లికి కట్నం చదివించినా, పండితునికి సన్మానం చేసినా నూటపదహార్లే. ఆ లెక్కన చూస్తే పట్నవాసులకు ప్రభుత్వం చదివించిన కట్నమే అది అనుకోవచ్చు. అందులో 11 చెరువులు, 5 మైళ్లకు పైగా బాటలు, బ్యాండు వాయించేందుకు ఒక మండపం, స్నానశాలలు, ఆటస్థలాలు వుండేవి. మ్యూజియం అధికారిగా వుండిన ఎడ్వర్డు బాల్ఫర్ అనే వైద్యుడు 1855లో ఎగ్మూరులో ఒక జంతుప్రదర్శనశాల పెట్టివుండెను. దానిని కొన్నేండ్లకు ఈ తోటలోకి మార్చారు. అప్పటినుంచి 1985 వరకు, అంటే నూరేళ్లకు పైగా, చెన్నపట్నం వచ్చిన పల్లెటూరి పిల్లలందరికీ సింహాన్ని చూపించినది ఈ తోటే. మన తాతలు దీనిని జంతువుల తోట అనే పిలిచేవారు.

వేళలు ఎట్లా ఏర్పడ్డవి

విద్యుద్దీపాలు లేని కాలంలో తోటకు వేళలు నిర్ణయించినవాడు సూర్యుడే. చీకటి పడితే చెరువుల గట్టుమీద నడవడం ప్రమాదం. కనుక తోటల గేట్లు ప్రొద్దుతో తెరచి ప్రొద్దుతో మూయడం అన్ని పట్టణాలలోనూ మామూలు. తరువాత దీపాలు వచ్చినవి, సాయంకాలపు వేళ పొడుగైనది.

1930లో మద్రాసు కార్పొరేషను తన స్వంత రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. ఇంటింట రేడియోపెట్టె వుండే రోజులు కావవి. అందుచేత సముద్రతీరంలోనూ పార్కులలోనూ లౌడుస్పీకర్లు పెట్టి జనానికి వినిపించేవారు. 1938లో ఆలిండియా రేడియో వచ్చేవరకు ఆ ప్రసారాలు నడిచినవి. ఆ తరువాత కూడా పార్కులో రేడియో వినడం చాలాకాలం పట్నవాసులకు అలవాటుగా వుండెను. ఆఫీసు దిగివచ్చిన గుమాస్తా, బండి విప్పిన జట్కావాడు, ఇద్దరూ ఒకే గడ్డిమీద కూర్చుని ఒకే పాట విన్న చోటు అదే. గేటు మూసే వేళ ఎంత సాగితే అంతమందికి అందులో భాగం దక్కుతుంది. వేళ అనేది పైకి బోర్డుమీద రెండు అంకెలే అయినా, తోట ఎవరిది అనేది తేల్చేవి ఆ రెండు అంకెలే.

నియమం లేనందువల్ల జరిగిన ఘోరం

నియమాలు జనాన్ని వేధించడానికే అని అనుకొనేవారు కొందరున్నారు. వారికి ఒక పాత సంగతి జ్ఞాపకం చేయాలి. ఏటేటా సంవత్సరాంతంలో పీపుల్సు పార్కులో పెద్ద తిరునాళ్లవంటి ప్రదర్శన జరిగేది. 1886 డిసెంబరు 31న ఆ ప్రదర్శనలో నిప్పంటుకొని వందలాది మంది ప్రాణాలు పోయినవి. కొత్త సంవత్సరం చూడవలసినవారు పాత సంవత్సరంతోనే పోయినారు. నిప్పు జాగ్రత్త ఎవరిది, ఎంతమందిని ఒకేసారి లోపలికి విడవాలి, బయటికి పోయే దారులు ఎన్ని వుండాలి అనే ప్రశ్నలు ఇప్పటికీ ప్రతి ఎగ్జిబిషను దగ్గరా, ప్రతి తిరునాళ్ల దగ్గరా అడగవలసినవే. పువ్వులు కోయరాదు అనే బోర్డుకన్న ముందు గేటుదగ్గర వుండవలసిన బోర్డు ఇది.

తోట ఎట్లా కరిగిపోయినది

ఇక అసలు కథకు వద్దాము. నూటపదహారెకరాల తోట ఏమైనది? దానిని దొంగలు దోచుకోలేదు. గుడిసెలు వేసుకొని పేదలు ఆక్రమించలేదు. పెద్దలే, మంచి పనుల నిమిత్తమే, ముక్కముక్కగా తీసుకున్నారు.

మొదటిది విక్టోరియా పబ్లిక్ హాలు. పట్టణానికి సభాభవనం లేదని దానికి 1883 డిసెంబరు 17న పునాదిరాయి వేసినవారు మన విజయనగరాధీశులు పూసపాటి ఆనందగజపతి మహారాజావారు. కట్టడం నమూనా చిషోం దొరది, కట్టినవారు నంబెరుమాళ్ చెట్టిగారు. బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులవారి సరసవినోదినీసభ 1891లో పట్నం వచ్చి తెలుగు నాటకాలు ఆడగా, వాటిని చూచి ఉత్సాహం పొందిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు అదే ఏట సుగుణవిలాససభను స్థాపించారు. ఆ సభ నాటకాలకు ఈ హాలే చాలాకాలం నిలయమైనది. అరవనాట ఆధునిక నాటకానికి తెలుగు నాటకం అంటించిన దీపం ఇది. ఈ హాలు కట్టడం తప్పు అని మనలో ఎవరనగలరు?

రెండవది మూర్ మార్కెట్టు. బ్రాడ్వేలో రోడ్డుప్రక్క అమ్ముకొనే వర్తకులకు ఒక చోటు కావాలని, మునిసిపల్ అధ్యక్షుడైన సర్ జార్జి మూర్ 1898లో దానికి పునాది వేశాడు. 1900లో మార్కెట్టు తెరిచారు. పాతపుస్తకాల కోసం అక్కడికి వెళ్లని తెలుగు పండితుడు, తెలుగు విద్యార్థి ఆ కాలపు పట్నంలో అరుదు. అర్ధణాకు, అణాకు కొన్న గ్రంథాలతో ఇంట లైబ్రరీ కట్టుకొన్నవారు వున్నారు. ఇదీ తప్పు అనలేము.

మూడవది రిప్పన్ బిల్డింగు. కార్పొరేషనుకు స్వంత భవనం 1913లో సిద్ధమైనది. తెల్లని ఆ భవనం పట్నానికే అందం. నాలుగవది కార్పొరేషను స్టేడియం. అక్కడ 1956 జనవరిలో న్యూజిలాండుమీద వినూ మన్కడ్, పంకజ్ రాయి మొదటి వికెట్టుకు 413 పరుగులు తీసినప్పుడు పట్నమంతా పండుగ చేసుకొన్నది. 1956 నుంచి 1965 వరకు టెస్టుమ్యాచీలు అక్కడ జరిగినవి. తరువాత 1993లో ఆ చోటనే కొత్త నెహ్రూ స్టేడియం లేచినది.

ఐదవది మా రైల్వేవారి పాలు. 1985 మే 30న మూర్ మార్కెట్టు కాలిపోయింది. అదే సంవత్సరం జంతువులు కూడా వండలూరు అడవికి తరలిపోయినవి. మార్కెట్టు వుండిన చోట లోకల్ బండ్ల స్టేషను కట్టారు. నేటికీ మేము దానిని కాగితాలలో మూర్ మార్కెట్ కాంప్లెక్సు అనే వ్రాసుకుంటాము. అంటే తోట పోయి మార్కెట్టు వచ్చె, మార్కెట్టు పోయి స్టేషను వచ్చె, పేర్లు మాత్రం ఒకదాని మీద ఒకటి పేరుకొని నిలిచినవి. దినమూ లక్షలమంది ప్రయాణానికి ఉపయోగపడే ఆ స్టేషను అక్కరలేదని కూడా మేమనలేము.

చివరకు పెరియమేటు వైపున మై లేడీస్ గార్డెను అనే చిన్న పూలతోట, అక్కడక్కడ కొన్ని చెట్లు మాత్రం పాత తోటకు గుర్తుగా మిగిలినవి.

ఈ ఐదు పనులలో ఏ ఒక్కదాన్ని విడిగా తీసి విచారించినా అది ధర్మమైన పనే. అన్నిటినీ కూడితే మాత్రం ప్రజల తోట లేకుండా పోయినది. తోటలో పువ్వు కోసిన పిల్లవాణ్ణి చెవి మెలిపెట్టి పంపే నియమం వుండెను గాని, తోటనే కోసే పెద్దచేతిని ఆపే నియమం లేకపోయె. పూటకు రెండుసార్లు గేటుకు తాళం వేసే కావలివాడు వుండెను గాని, గోడనే కొట్టేవారిని అడిగే అధికారం అతనికి ఎక్కడిది?

త్యాగరాయనగరం, పానగల్ పార్కు

పీపుల్సు పార్కు తరుగుతూండగానే పట్నానికి దక్షిణాన కొత్త పేట ఒకటి ఏర్పడుతున్నది. 1920లో నగరనిర్మాణ చట్టం వచ్చింది. మాంబళపు చెరువు ప్రాంతంలో వీధులు గీచి, నడుమ తోటకు చోటు విడిచి, పద్ధతి ప్రకారం పేట కట్టారు. దానికి సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టారు. నడుమనున్న తోటకు పానగల్ రాజావారైన పానగంటి రామరాయణింగారి పేరు పెట్టారు. రాజావారు 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి పదవిలో వుండినవారు. ఇద్దరూ తెలుగువారే. పేట ఒకరిది, తోట మరొకరిది.

ఇండ్లు కట్టకముందే తోటకు చోటు గీటుగీచి విడవడం ఇక్కడి విశేషం. చుట్టూ వీధులు వెలిసిన తరువాత తోటను కదిలించడం సులభం కాదు. పీపుల్సు పార్కుకు లేని రక్షణ పానగల్ పార్కుకు ఆ నక్షాయే ఇచ్చింది.

చలనచిత్రాల కాలంలో ఆ తోటచుట్టూ తెలుగు మాటే ఎక్కువగా వినబడేది. వేషాలకోసం, పాటలకోసం, కథలు అమ్ముకోవడంకోసం బెజవాడ నుంచి, గుంటూరు నుంచి, రాజమండ్రి నుంచి రైలెక్కి వచ్చిన కుర్రవాళ్లకు అద్దె అడగని చోటు పానగల్ పార్కు బెంచీ. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అవకాశాల కోసం వచ్చిన కొత్తలో సముద్రాల రాఘవాచార్యులవారి ఇంట దిగి, చిన్న ఇంటికి తాము భారం కారాదని తలచి, పానగల్ పార్కు కావలివానికి నెలకు 2 రూపాయలు ఇచ్చి రాత్రులు అక్కడ పడుకొనేవారని ఆయన జీవితకథలో చెప్పుకుంటారు. ఆ కంఠం తరువాత తెలుగునాట ప్రతి ఇంటా వినబడింది.

ఈ కథను మనవారు ఘంటసాలగారి కష్టానికీ పట్టుదలకూ నిదర్శనంగా చెప్పుకుంటారు. మేము మరొక సంగతి కూడా గమనించమంటాము. రాత్రి తోట మూయాలనే నియమం వున్నది. ఆ నియమం వెనుక కారణమూ వున్నది. కాని ఇల్లులేని కుర్రవాడొకడు గేటుముందు నిలిచినప్పుడు ఏమి చేయాలో ఆ నియమంలో వ్రాసిలేదు. ఆ ఖాళీని 2 రూపాయలు పుచ్చుకున్న కావలివాడు పూరించాడు. రెండు రూపాయలు లేనివాడు ఏ రోడ్డుప్రక్క పడుకున్నాడో ఏ జీవితకథలోనూ లేదు.

నూరేళ్లకు వచ్చిన చట్టం

పార్కు అనేది గాలి పీల్చుకొనేందుకు మాత్రమే కాదు. నలుగురు కూడి మాట్లాడుకొనే చోటు కూడా. 1949 సెప్టెంబరు 18న రాయపురం రాబిన్సన్ పార్కులో వానలో జరిగిన సభలోనే అణ్ణాదురైగారు ద్రావిడ మున్నేట్ర కళగాన్ని ప్రజల ముందుకు తెచ్చారు. 18 సంవత్సరాలు తిరగకముందే ఆ పక్షం రాష్ట్రాన్ని ఏలింది. ఆ పార్కుకు నేడు ఆయన పేరే వున్నది. నాడు గేటు మూసి వుంటే చరిత్ర మారేదని మేమనము గాని, అద్దె లేకుండా సభ జరుపుకొనే చోటు లేనివారికి పార్కు ఎంత అక్కరో దీనివల్ల తెలుస్తుంది.

పీపుల్సు పార్కు 1859లో పుట్టింది. సరిగ్గా నూరేళ్లకు, 1959లో, ఈ రాష్ట్రంలో పార్కులు, ఆటస్థలాలు, ఖాళీస్థలాల సంరక్షణకు ఒక చట్టం వచ్చింది. ప్రతి స్థానికసంస్థ తన హద్దులోని పార్కులకు, ఆటస్థలాలకు జాబితా వ్రాయాలి. జాబితాలో చేరిన స్థలాన్ని ప్రభుత్వపు అనుమతి లేనిదే మరొక పనికి వాడరాదు. ఇది వచ్చేవారిని కట్టే నియమం గాక, యజమానిని కట్టే నియమం. నూరేళ్లుగా లేనిది ఇదే. ప్రభుత్వమే అనుమతిస్తే సందు దొరుకుతుంది గదా అని అడిగితే, నిజమే. అయినా అనుమతి అడగవలసి రావడం, కాగితంమీద కారణం వ్రాయవలసి రావడం తక్కువ రక్షణ కాదు. ఆఫీసు పనిచేసేవారికి ఆ భేదం తెలుసు.

పొరుగున బెంగుళూరువారు కూడా కబ్బన్ పార్కు, లాల్ బాగు తోటలను కాపాడేందుకు 1975లో ప్రత్యేకంగా చట్టం చేసుకున్నారు. హైదరాలీ 1760లో వేయించిన లాల్ బాగు నేడు 240 ఎకరాల తోటగా నిలిచివున్నది. నూటపదహారెకరాల మన తోటకు అప్పట్లో అటువంటి అండ దొరకలేదు.

మధ్యాహ్నపు గేటు

ఇప్పుడు నేటి సంగతి. చాలా ఊళ్లలో పార్కులు తెల్లవారుజామున తెరచి, పది గంటల ప్రాంతంలో మూసి, మళ్లీ సాయంకాలం తెరుస్తారు. నీళ్లు పెట్టాలి, ఊడ్వాలి, కావలివానికి భోజనం కావాలి అనే కారణాలు వున్నవి. కాని ఈ వేళలు సరిపోయేది ఎవరికి? ఇంటినుంచి నడకకు వచ్చి, మళ్లీ ఇంటికి పోగలవారికి. రాత్రిడ్యూటీ దిగి పగలు ఏ చెట్టుక్రిందనైనా గడియసేపు కూర్చోదలచినవారికి కాదు. ఎండలో వీధివీధి తిరిగి సరుకు అమ్మేవారికి కాదు.

అన్నిటికన్న ముఖ్యం ఒకటున్నది. సెంట్రల్ స్టేషను ఎదుట పెద్దాసుపత్రి వున్నది. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి రోగులను తీసుకొని వచ్చే మన తెలుగువారు ఎందరో. రోగి లోపల మంచంమీద వుంటాడు. వెంట వచ్చిన తల్లి, అన్న, మేనమామ బయట కాలిబాటమీద తువ్వాలు పరచుకొని రోజులు గడుపుతారు. వారికి రోడ్డు దాటి నాలుగడుగులు వేస్తే చేరగలిగినంత దూరంలో ఒకప్పుడు 116 ఎకరాల నీడ వుండేది. తోట పోయినందువల్ల నష్టం ఎవరికి అంటే మొదట వీరికి అని మేము చెబుతాము.

వేళలు మార్చడం అసాధ్యమేమీ కాదు. 2024 జూనులో బెంగుళూరులో అప్పటి మహానగరపాలిక తన పార్కులను ఉదయం 5 గంటల నుంచి రాత్రి 10 గంటల వరకు, మధ్యాహ్నం కూడా మూయకుండా, తెరచి వుంచాలని నిర్ణయించింది. మన పట్నంలోనే అణ్ణానగరు పార్కులో 1968 నాటి విశ్వేశ్వరయ్య గోపురం వున్నది. పైనుంచి దూకి ప్రాణాలు తీసుకొనేవారున్నారని దానిని 2011లో మూసివేశారు. పండ్రెండేళ్ల తరువాత, ఇనుప వలలు బిగించి, 2023 మార్చిలో మళ్లీ జనాన్ని పైకి ఎక్కనిచ్చారు. ప్రమాదానికి తాళమొక్కటే మందు కాదని దీనివల్ల తెలుస్తున్నది. వల బిగించడానికి మనసు వుంటే తాళం తీయవచ్చు.

పానగల్ పార్కు సంగతి కూడా చెప్పి ముగిస్తాము. గడచిన కొన్ని సంవత్సరాలలో మెట్రో రైలు సొరంగపు పనులకని ఆ తోటలో చాలా భాగానికి రేకులు కట్టారు. మెట్రో వచ్చేది ప్రజలకోసమే. రైలుమీద బ్రతికే మేము రైలును కాదనము. అయితే మూర్ మార్కెట్టు, స్టేడియం, సభాభవనం, ఇవన్నీ కూడా ప్రజలకోసమే వచ్చినవి. పని పూర్తి అయినప్పుడు ఎన్ని గజాల నేల, ఎన్ని చెట్లు తోటకు తిరిగివస్తవో లెక్క అడిగి వ్రాయించుకోవడం మన వంతు. పానగల్ రాజావారి జాతివారమని చెప్పుకొనే మనం ఆ మాత్రం చేయకపోతే ఆయన విగ్రహానికి ఏటేటా దండ వేసి ప్రయోజనం లేదు.

మన సంఘంవారికి మా విన్నపం మూడు మాటలు. ఒకటి, ప్రతి సభ్యుడు తన పేటలోని పార్కు 1959 చట్టపు జాబితాలో వున్నదో లేదో విచారించవలెను. రెండు, ఆసుపత్రులకు, స్టేషన్లకు దగ్గరలోని పార్కులనైనా మధ్యాహ్నవేళ తెరచివుంచమని సంఘం తరఫున అర్జీ పెట్టవలెను. మూడు, మన పిల్లలను వారానికొకనాడైనా పార్కుకు తీసుకొనిపోవలెను. జనం తిరిగే తోటమీద చేయి వేయడానికి ఎవరైనా వెనుకాడుతారు. జనం మరచిన తోట మాత్రమే ముక్కలవుతుంది.

ఈ కొత్త సంవత్సరంలో వేపపువ్వు కోసం మనం ఎక్కడెక్కడో వెదకకుండా, మన పేట పార్కులోని వేపచెట్టు క్రిందనే రాలి దొరకాలని కోరుతూ, సోదరులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకుంటున్నాము.